హస్తవాసి అనే సాకు

ఆదివారం పొద్దున్నే పద్దెనిమిది హోల్స్ ఆడి వచ్చి ఇడ్లీ ప్లేట్ల ముందు కూర్చున్న నలుగురు గోల్ఫర్ల మాటలు ఒకసారి వినండి. ఒకాయన తన డ్రైవర్ షాట్ ఏ చెట్టు దాటి పడిందో చెబుతాడు. రెండో ఆయన కొత్తగా కొన్న ఐరన్ సెట్ గురించి చెబుతాడు. మూడో ఆయన పధ్నాలుగో హోల్లో గ్రీన్‌కి పదిహేను గజాల దూరంలో ఉండి కూడా ఏడు ఎలా వేశాడో చెప్పి నిట్టూరుస్తాడు. అప్పుడు వయసులో పెద్దాయన సాంబారులో చెంచా తిప్పుతూ తీర్పు చెప్పేస్తాడు. "షార్ట్ గేమ్ ఒకరు నేర్పితే వచ్చేది కాదండీ. అది హస్తవాసి. ఉన్నవాడికి ఉంటుంది, లేనివాడికి లేదు." మిగతా ముగ్గురూ తలలూపుతారు.

నా గొడవంతా ఆ తలూపుడుతోనే.

గోల్కొండ కోట గోడ పక్కన ఆడినా, గచ్చిబౌలి బండల మధ్య ఆడినా, విశాఖ ముడసర్లోవలో ఆడినా ఈ తీర్పు మారదు. డ్రైవర్ సరిగ్గా పోకపోతే కోచ్ దగ్గరికి పోతారు. ఐరన్లు వంకర పోతే పోతారు. గ్రీన్ పక్కన నుంచి కొట్టే చిన్న షాట్, అంటే చిప్, పాడైతే మాత్రం తలరాత అనుకుని ఊరుకుంటారు. వైద్యుడికి హస్తవాసి ఉందంటాం, నాటిన మొక్కల్లా బతికే చేతికీ ఉందంటాం. మంచి మాటే, కాదనను. కానీ హస్తవాసిని నమ్ముకుని ఎంబీబీఎస్ ఎగ్గొట్టిన డాక్టరు దగ్గరికి మీరు వెళతారా?

ముందు ఈ ఆటలో పణం ఎంతో చూద్దాం. అమెరికా పీజీఏ టూర్‌లో ఆడే ప్రొఫెషనల్స్ సగటున పద్దెనిమిది గ్రీన్లలో దాదాపు 12 మాత్రమే అనుకున్న స్ట్రోకుల్లో అందుకుంటారు. తొంభై కొట్టే మన వారాంతపు ఆటగాడు మూడో నాలుగో అందుకుంటే గొప్ప. అంటే ఒక్క రౌండులో పధ్నాలుగు సార్లు అతను గ్రీన్ బయట, చేతిలో వెడ్జ్‌తో నిలబడాల్సిందే. అక్కడి నుంచి బంతి జెండాకు ఎంత దగ్గరగా పోతుందన్నదే తర్వాతి కథ. పీజీఏ టూర్ ఆటగాళ్లు 3 అడుగుల పట్‌ను నూటికి 96 సార్లు వేస్తారు. 8 అడుగుల నుంచి 50 సార్లే. 20 అడుగుల నుంచి 15 సార్లు. ఇవి ప్రపంచంలోకెల్లా గొప్ప చేతుల లెక్కలు. చిప్ మూడు అడుగుల్లో ఆగడానికీ ఎనిమిది అడుగుల్లో ఆగడానికీ మధ్య వాళ్లకే అర స్ట్రోకు తేడా ఉంటే, మన సంగతి వేరే చెప్పాలా? ఇదంతా చిప్ గ్రీన్ ఎక్కితే సంగతి. కాళ్ల ముందే కూలబడిన చిప్‌కి నిండు స్ట్రోకు పోతుంది.

ఇంత ఖరీదైన చోటుకి కోచ్ అక్కర్లేదని చెప్పేవాళ్ల వాదనలు నాలుగు. ఒక్కొక్కటే తీసుకుంటాను.

మొదటిది అసలు హస్తవాసి వాదం: స్పర్శ జన్మతః వస్తుంది, దాన్ని మాటల్లో పెట్టలేం, మాటల్లో పెట్టలేనిదాన్ని నేర్పలేం. దీనికి సాక్షిగా ముందు సెవె బలెస్టెరోస్‌ను నిలబెడతారు. స్పెయిన్‌లో పెద్రేన్యా అనే ఊళ్లో సముద్రపు ఇసుక మీద ఒక్క 3 ఐరన్‌తో ఆడుకుంటూ పెరిగి, ఐదు మేజర్లు గెలిచినవాడు. నిజమే. కానీ ఆ కథలో రెండో సగం ఎవరూ చెప్పరు. ఆ పిల్లాడి ముగ్గురు అన్నలూ గోల్ఫ్ ప్రొఫెషనల్స్ అయ్యారు. మేనమామ రామోన్ సోతా 1965 మాస్టర్స్‌లో ఆరో స్థానంలో నిలిచినవాడు. ఇంట్లో పొద్దున లేస్తే గోల్ఫే. అలాంటి ఇంట్లో పుట్టినవాడిని గురువు లేనివాడంటే, సంగీత విద్వాంసుల ఇంట్లో పుట్టి పాడినవాడిని సొంతంగా నేర్చుకున్నాడన్నట్టే ఉంటుంది.

రెండో సాక్షి మనవాడు, ఎస్.ఎస్.పి. చౌరాసియా. తండ్రి రాయల్ కల్‌కత్తా గోల్ఫ్ క్లబ్బులో గ్రీన్లు చూసుకునే ఉద్యోగి. చౌరాసియా పొట్టివాడు, దూరం కొట్టలేడు, కానీ గ్రీన్ చుట్టూ మాంత్రికుడు. తోటివాళ్లు ముద్దుగా 'చిప్‌పట్‌సియా' అని పేరు పెట్టారు. 2008లో ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు, 2016, 2017ల్లో వరసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు. కోచ్ దగ్గర ఫీజు కట్టి నేర్చుకోలేదన్నదీ నిజమే. కానీ ఆయన బాల్యమంతా గోల్ఫ్ కోర్సులోనే గడిచింది. కేడీలు, ప్రొఫెషనల్స్, సభ్యులు కొట్టిన వేలాది చిప్పులు కళ్లారా చూశాడు. అది గురుకులం కాక ఏమిటి? ఆదివారం ఒక్క రౌండు ఆడి, మళ్లీ ఆదివారం దాకా వెడ్జ్ ముట్టని మనం ఆయన్ని చూపించి "చూశావా, కోచ్ అక్కర్లేదు" అంటే, ఆయన బాల్యాన్ని మన ఖాతాలో రాసుకున్నట్టు.

ఇక స్పర్శ జన్మహక్కు అయితే అది పోకూడదు కదా. 2014 డిసెంబరులో, 2015 జనవరిలో టైగర్ వుడ్స్‌కు ఏమైంది? పుట్టుకతో వచ్చిన స్పర్శకు ప్రపంచమంతా ఉదాహరణగా చూపించే ఆ మనిషి, గ్రీన్ పక్కన మామూలు చిప్పుల్ని మనలాగే నేలకేసి కొట్టాడు. ఫీనిక్స్‌లో 82 కొట్టాడు, అప్పటికి ప్రొఫెషనల్‌గా ఆయన ఆడిన రౌండ్లన్నిట్లోకీ అదే అధ్వాన్నం. రెండు నెలల విరామం తీసుకుని, చిప్పుల మీద విపరీతంగా సాధన చేసి, ఏప్రిల్లో మాస్టర్స్‌కు వచ్చి 17వ స్థానంలో నిలిచాడు. పోయింది స్పర్శ అయితే అంత త్వరగా తిరిగి రాదు. పోయింది కదలిక. సరిదిద్దుకున్నదీ కదలికే.

తిరగేసి చూసినా ఇదే తేలుతుంది. నార్వే ఆటగాడు విక్టర్ హోవ్‌లాండ్ 2020లో ప్యుర్టోరికోలో తన తొలి పీజీఏ టూర్ టోర్నీ గెలిచి, గెలిచిన చోటే నవ్వుతూ తనకు చిప్పింగ్ చేతకాదని ఒప్పుకున్నాడు. మన పెద్దాయన లెక్క ప్రకారం హస్తవాసి లేనివాడు. 2023లో జోసెఫ్ మేయో అనే కోచ్ దగ్గర చేరాడు. వెడ్జ్ నేలకు మరీ చదునుగా రాకుండా, కాస్త నిటారుగా పైనుంచి దిగేలా మార్చుకున్నాడు. ఆ ఏడాదే మెమోరియల్, బీఎమ్‌డబ్ల్యూ, టూర్ చాంపియన్‌షిప్ మూడూ గెలిచి ఫెడెక్స్ కప్ ఎత్తాడు. అవన్నీ చిప్పులే గెలిపించాయని అనను, బంతిని దూరం నుంచి కొట్టడంలో అతను ముందే మేటి. కానీ అంతకుముందు కాళ్లకు అడ్డుపడుతున్న గొలుసు తెగింది. తెంపింది పాఠం.

మాటల్లో పెట్టలేనిదాన్ని నేర్పలేం అన్న తర్కం మన నేల మీద నిలవదు. గమకాన్ని స్వరలిపిలో పూర్తిగా రాయలేమని సంగీతం తెలిసిన ప్రతివాడూ ఒప్పుకుంటాడు. దాని నుంచి మనవాళ్లు తేల్చింది ఏమిటి? గమకం నేర్పలేం అని కాదు. పుస్తకం చాలదు, గురువు ఎదురుగా కూర్చోవాలి అని. రాయడానికి లొంగనిదానికే మనిషి ఎక్కువ కావాలి. లెక్కల సూత్రం పుస్తకంలో చదివి నేర్చుకోవచ్చు. గమకానికీ, మద్దెల మీద వేలి బరువుకీ, పదిహేను గజాల చిప్‌కీ పక్కన మనిషి ఉండాల్సిందే.

రెండో వాదన దగ్గరికి వచ్చేముందు, చిప్ ఎందుకు పాడవుతుందో చూడాలి. అది చూస్తేనే ఒంటరి సాధన ఎందుకు చాలదో అర్థమవుతుంది.

బంతి నేల మీద ఉంది. పోవాల్సింది గాల్లోకి. మనసు చెప్పే సలహా ఒక్కటే: ఎత్తు. ఒంటి బరువు వెనక కాలి మీద ఉండిపోతుంది, మణికట్టు పైకి ఎగరేస్తుంది. దాంతో వెడ్జ్ నేలను తాకే చోటు బంతికి వెనక్కి జరుగుతుంది. ఒకసారి నేల ముందు తగిలి బంతి అరగజం కదులుతుంది. అదే డఫ్. ఇంకోసారి వెడ్జ్ పైకి లేస్తూ వచ్చి దాని అంచు బంతి పొట్టకు తగులుతుంది, బంతి గ్రీన్ దాటి అవతలి బంకర్లో పడుతుంది. అదే టాప్. చూడ్డానికి ఈ రెండూ ఎదురెదురు తప్పులు, నిజానికి ఒకే జబ్బుకు రెండు లక్షణాలు. ఆ సంగతి తెలియని ఆటగాడు డఫ్ అయ్యాక మరింత ఎత్తబోతాడు, టాప్ అయ్యాక మరింత కిందికి పొడుస్తాడు. మందు వేసినకొద్దీ జబ్బు ముదురుతుంది. జయసింహ, అజహరుద్దీన్, లక్ష్మణ్ మణికట్లను చూసి పెరిగిన హైదరాబాదీకి ఇది మరీ కష్టం. క్రికెట్లో వరమైన మణికట్టు విరుపు ఇక్కడ శాపం.

బంతిని ఎత్తే పని వెడ్జ్‌ది. శాండ్ వెడ్జ్ ముఖం 56 డిగ్రీల దాకా వెనక్కి వాలి ఉండేది అందుకే. దాని అడుగున ఇంకో రహస్యం ఉంది, బౌన్స్. అరికాలి వెనక అంచు ముందు అంచు కంటే కిందికి ఉబ్బి ఉంటుంది, శాండ్ వెడ్జ్‌లో సాధారణంగా 8 నుంచి 14 డిగ్రీలు. నేలలోకి గుచ్చుకోకుండా జారిపోవడానికి ఆ ఏర్పాటు. 1930ల మొదట్లో జీన్ సారాజెన్ తన క్లబ్బు అడుగున లోహం చేర్చి, అరగదీసి, ఈ రూపానికి తెచ్చాడు. విమానం తోక భాగం కదలడం చూసి ఆ ఆలోచన తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ క్లబ్బుతోనే 1932 బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. అంటే ఇది ఒకరు ఆలోచించి చేసిన పనిముట్టు. ఆలోచించి చేసినదాన్ని వివరించవచ్చు, వివరించగలిగినదాన్ని నేర్పవచ్చు. మనవాళ్లలో ఎక్కువమంది చేతుల్ని బాగా ముందుకు తోసి నిలబడతారు. అలా తోస్తే బౌన్స్ పైకి లేచిపోయి, ముందు అంచు గొడ్డలిలా నేలలో దిగుతుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇంకో వెడ్జ్ కొంటారు. దానికీ అదే గతి.

ఇప్పుడు రెండో వాదన: పాఠాలెందుకు, గ్రీన్ పక్కన కూర్చుని రోజుకు వంద బంతులు కొడితే అదే వస్తుంది.

ఈ వాదనను నేను రెండేళ్లు ఆచరించాను. అందుకే దీని మీద నాకు కాస్త కసి ఎక్కువ. బుట్టెడు బంతులు తీసుకుని, ఒకే చోట నిలబడి, ఒకే వెడ్జ్‌తో, ఒకే జెండాకు కొట్టేవాణ్ణి. ఇరవయ్యో బంతి నుంచి దగ్గరగా పోవడం మొదలయ్యేది. యాభయ్యో బంతికి నేనే బలెస్టెరోస్. ఆదివారం కోర్సులోకి దిగితే మొదటి చిప్పే డఫ్. ఎందుకంటే అక్కడ ఇరవయ్యో బంతి ఉండదు. ప్రతి బంతీ మొదటి బంతే.

1979లో షే, మోర్గన్ అనే ఇద్దరు పరిశోధకులు చేతి కదలికల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక పనిని వరసగా చేసి ఇంకోదానికి వెళ్లినవాళ్లు సాధన జరుగుతున్నంతసేపూ మెరుగ్గా కనిపించారు. పనుల్ని కలగాపులగంగా చేసినవాళ్లు సాధనలో తడబడ్డారు. తర్వాత పరీక్ష పెడితే గుర్తున్నది ఈ తడబడ్డవాళ్లకే. నేను రెండేళ్లు మెరుగ్గా కనిపించే పద్ధతిలో సాధన చేశానన్నమాట. తప్పుడు కదలికను వంద సార్లు చేస్తే తప్పే గట్టిపడుతుంది. సాధన గొప్పదే, కానీ దేన్ని సాధన చేస్తున్నామో చెప్పడానికి మన కళ్లు చాలవు. స్వింగ్ చేస్తున్నప్పుడు బరువు ముందు కాలి మీదే ఉందని నాకు ప్రమాణపూర్తిగా అనిపించేది. వీడియో తీసి చూపిస్తే వెనక మడమ మీద హాయిగా కూర్చుని ఉన్నాను.

నేర్పే మాట ఎంత పని చేస్తుందో చూపించిన ప్రయోగం ఇంకోటి ఉంది, అదీ సరిగ్గా చిన్న షాట్ల మీదే. 1999లో గాబ్రియెల్ వుల్ఫ్ బృందం, గోల్ఫ్ ఎరగనివాళ్లకు 9 ఐరన్ ఇచ్చి పిచ్ షాట్లు కొట్టించింది. ఒక జట్టుకు చేతుల కదలిక మీద దృష్టి పెట్టమన్నారు, ఇంకో జట్టుకు క్లబ్బు ఊగడం మీద పెట్టమన్నారు. అంతే తేడా. రెండో జట్టు గురి మెరుగ్గా ఉంది. మర్నాడు ఏ సూచనా ఇవ్వకుండా కొట్టించినా వాళ్లదే పైచేయి. స్పర్శకే సొంతమనుకున్న చోట ఒక్క వాక్యం తేడా తెచ్చింది. ఆ మాట సరైనదైతే బాగుపడతాం, కాకపోతే చెడతాం. ఆదివారం జోడీగా ఆడేవాడు ప్రేమగా ఇచ్చే "తల ఎత్తకండి సార్" అన్న సలహా ఏ కోవలోకి వస్తుందో మీరే ఆలోచించండి.

మూడో వాదన కొత్త తరానిది. కోచ్ చెప్పేదంతా యూట్యూబులో ఉంది, పైగా ఉచితం.

దీనికి బలమైన సాక్షి ఉన్నాడు, దాచను. సుదర్శన్ యల్లమరాజు. విశాఖపట్నంలో పుట్టి, నాలుగేళ్ల వయసులో కెనడా వెళ్లిన కుర్రాడు. కోచ్ లేకుండా, ఎక్కువగా యూట్యూబు వీడియోలు చూసి నేర్చుకుని ప్రొఫెషనల్ అయ్యాడు. 2025 జనవరిలో బహామాస్‌లో కార్న్ ఫెర్రీ టూర్ టోర్నీ గెలిచాడు. తెలుగువాడిగా నాకూ గర్వమే. కానీ పక్కనే ఇంకో తెలుగు కుర్రాడు ఉన్నాడు, సాహిత్ తీగల. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు, అతను కాలిఫోర్నియాలో పుట్టి పెరిగాడు. చిన్నప్పటి నుంచీ రిక్ హంటర్ అనే కోచ్ దగ్గర నేర్చుకున్నాడు. 2023లో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు. గ్రీన్ చుట్టూ అతను చేసే చిత్రమైన షాట్లు చూసినవాళ్లెవరూ కోచ్ ఉండటం వల్ల ఊహ చచ్చిపోతుందనరు. ఇద్దరిలో ఎవరి దారి మనకు దగ్గర? యల్లమరాజు పసితనంలో మొదలుపెట్టి, తనను తాను నిర్దాక్షిణ్యంగా గమనించుకునే ఓపికతో, రోజులకు రోజులు ఆడాడు. నలభై ఐదేళ్ల వయసులో మొదలుపెట్టి, రాత్రి పదకొండింటికి మంచం మీద పడుకుని మూడు వీడియోలు చూసి నిద్రపోయే మనం అతని పేరు వాడుకోవడం అన్యాయం.

వీడియో మాట్లాడుతుంది, కానీ చూడదు. చిక్కంతా అక్కడే. "చేతులు ముందుకు పెట్టండి" అన్న సలహా మణికట్టు ఎగరేసేవాడికి మందు, నేలను తవ్వేవాడికి విషం. వీడియోలో చెప్పే ఆయన తప్పు చెప్పడం లేదు. ఎవరికి చెబుతున్నాడో ఆయనకు తెలియదు, మనకూ తెలియదు. పక్కింటాయన మందుచీటీ తీసుకుని మందుల షాపుకి వెళ్లడం లాంటిది. పైగా ఆయన నిలబడ్డది ఏ చల్లటి దేశంలోనో మెత్తగా లేచి ఉన్న గడ్డి మీద. మన వేడి ప్రాంతాల్లో ఎక్కువగా ఉండే బెర్ముడా గడ్డి నేలకు అంటుకుని, ఒక దిక్కుకి వాలి పెరుగుతుంది. ఆ వాలుకు ఎదురుగా చిప్ చేస్తే వెడ్జ్ తట్టుకుని ఆగిపోతుంది. గడ్డి ఎటు వాలిందో మోకాలి మీద కూర్చుని చేత్తో చూపించే మనిషి కావాలి.

నాలుగో వాదన చదువుకున్నవాళ్లది, అందుకని కాస్త మర్యాదగా మాట్లాడాలి. కొలంబియా బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ లక్షల షాట్లను లెక్కగట్టి 2014లో పుస్తకం రాశాడు. మంచి ఆటగాడికీ మామూలు ఆటగాడికీ మధ్య స్కోరు తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు 100 గజాల బయటి షాట్ల వల్లే వస్తుందని తేల్చాడు. మిగతా ఒక వంతే షార్ట్ గేమ్, పట్టింగ్ కలిపి. కాబట్టి వెడ్జ్ పాఠాలు డబ్బు దండగ అంటారు ఈయన్ని చదివినవాళ్లు.

బ్రాడీ లెక్కను నేను ఒప్పుకుంటాను. అంతకుముందు రాజ్యమేలిన లెక్క కంటే ఇది నయం. నాసాలో పనిచేసి గోల్ఫ్‌లోకి వచ్చిన డేవ్ పెల్జ్, మొత్తం షాట్లలో 60 నుంచి 65 శాతం 100 గజాల లోపలే పడతాయని లెక్కపెట్టి, షార్ట్ గేమే ప్రాణం అన్నాడు. కళ్లు మూసుకుని వేసే అడుగు దూరం పట్ కూడా ఆ శాతంలో ఒక షాటే. అందుకని ఆ వాదన నాకు అరువు అక్కర్లేదు. కానీ బ్రాడీ కొలిచింది ఇద్దరు ఆటగాళ్ల మధ్య ఉన్న తేడాను. ఒక ఆటగాడు ఆర్నెల్లలో దేన్ని మార్చుకోగలడన్నది వేరే ప్రశ్న. యాభై రెండేళ్ల నడుముతో, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగంతో నేను డ్రైవర్‌కి ముప్పై గజాలు కలపలేను. ఏ కోచూ కలిపించలేడు. చిప్‌కి బలం అక్కర్లేదు, నడుము తిరగక్కర్లేదు. చిన్న కదలిక కాబట్టి త్వరగా మారుతుంది, మారింది నిలుస్తుంది. పైగా ఆ ఒక వంతు మాత్రం తక్కువేమీ కాదు. తొంభై కొట్టేవాడికీ ఎనభై కొట్టేవాడికీ మధ్య పది స్ట్రోకులుంటే, అందులో మూడు ఇక్కడే ఉన్నాయి. చివరగా, బ్రాడీ పేరు చెప్పేవాళ్లు లాంగ్ గేమ్ పాఠాలకైనా వెళుతున్నారా? లేదు. కొత్త డ్రైవర్ కొంటున్నారు. ఆ డ్రైవర్ డబ్బులో పది పాఠాలు సుఖంగా వస్తాయి.

కోచ్‌లందరూ సమర్థులేనా అని అడగవచ్చు. కాదు. పాఠం పేరుతో డ్రైవింగ్ రేంజిలో ప్లాస్టిక్ చాప మీద చిప్పులు కొట్టించేవాళ్లను చూశాను. చాప మీద బంతికి వెనక నేలను తాకినా వెడ్జ్ జారిపోయి బంతికి తగులుతుంది, చప్పుడు కూడా బాగుంటుంది. గడ్డి మీద డఫ్ అయ్యే దెబ్బకు చాప మార్కులు వేస్తుంది. అబద్ధమాడే గురువు అది. ఒకే గంటలో ఎనిమిది మార్పులు చెప్పి పంపేవాళ్లనూ చూశాను. ఇది చెడ్డ కోచ్‌ను వద్దనడానికి కారణం అవుతుంది, పాఠాన్ని వద్దనడానికి కాదు. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ ఆధ్వర్యంలోని నేషనల్ గోల్ఫ్ అకాడమీ కోచ్‌లకు శిక్షణ ఇచ్చి ధ్రువపత్రాలిస్తోంది. అడిగి చూడొచ్చు. అంతకంటే సులువైన పరీక్ష ఇంకోటి ఉంది. మంచి కోచ్ పాఠం గడ్డి మీద, గ్రీన్ పక్కన జరుగుతుంది. మొదటి పది నిమిషాలు అతను మాట్లాడడు, చూస్తాడు. మార్పు ఒక్కటే చెబుతాడు. వారానికి సరిపడా పని ఇచ్చి పంపుతాడు.

నాకు దొరికినవాడు అలాంటివాడే. నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. నా చేత పది బంతులు కొట్టించి, అన్నీ అయ్యాక ఒక్క ప్రశ్న అడిగాడు.

"సార్, బంతి ఎక్కడ పడాలనుకున్నారు?"

జెండా చూపించాను.

"అది ఆగాల్సిన చోటు సార్. పడాల్సిన చోటు?"

నా దగ్గర జవాబు లేదు. పదేళ్లుగా గోల్ఫ్ ఆడుతున్నాను, వేల చిప్పులు కొట్టాను, బంతి నేల మీద ఎక్కడ పడాలన్న ప్రశ్న నన్ను నేను ఒక్కసారీ వేసుకోలేదు. అతను ఒక పాత తువ్వాలు గ్రీన్ మీద పరిచాడు, ఇంకోటి మడతపెట్టి బంతికి జానెడు వెనక పెట్టాడు. వెనకది తగలకూడదు, ముందుది తగలాలి. అంతే పాఠం. తర్వాత వెడ్జ్ తీసేసి 8 ఐరన్ చేతికిచ్చాడు. శాండ్ వెడ్జ్‌తో చదునైన గ్రీన్ మీద బంతి గాల్లో ఎంత పోతే దాదాపు అంతే దొర్లుతుంది. 8 ఐరన్‌తో మూడు రెట్లు, ఇంకా పైన కూడా దొర్లుతుంది. కదలిక ఒక్కటే, క్లబ్బు మారిస్తే దూరం మారుతుంది. నేను స్పర్శ అనుకుని పదేళ్లు మొక్కిన దేవుడిలో సగం మూడో తరగతి లెక్క.

మిగతా సగం ఉందా? ఉంది. పాఠాలు బలెస్టెరోస్‌ను తయారు చెయ్యవు. అక్షరాలు దిద్దించిన పంతులు శ్రీశ్రీని తయారు చెయ్యలేడు. కానీ అక్షరాలు దిద్దకుండా శ్రీశ్రీ కూడా కాలేడు. నేర్పగలిగిందంతా నేర్చుకున్నాక మిగిలేదానికి హస్తవాసి అని పేరు పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. మనం నేర్చుకోనిదానికి ముందే ఆ పేరు తగిలిస్తున్నాం. పేచీ అక్కడే.

ఎందుకు తగిలిస్తున్నామో కూడా చెప్పి ముగిస్తాను, ఈ మాట మాత్రం ఫలహారం బల్ల దగ్గర ఎవరూ ఎత్తరు కాబట్టి. మన క్లబ్బుల్లో ఆడేవాళ్లం ఎవరం? రిటైరైన అధికారులు, డాక్టర్లు, కంపెనీలు నడిపేవాళ్లు. పాతికేళ్లుగా ఎవరి ముందూ విద్యార్థిగా నిలబడలేదు. మనకు నేర్పేవాళ్లు ఎవరు? చాలామంది కేడీలుగా మొదలైనవాళ్లు. భారతదేశంలో ఈ ఆటకు వాళ్లిచ్చింది చిన్నదేం కాదు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్, ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో కేడీగా సంచి మోసినవాడే. నా కోచూ ఒకప్పుడు నా సంచి మోసినవాడే. అప్పట్లో అతన్ని "నువ్వు" అనేవాణ్ణి. డ్రైవర్ పాఠంలో ఆ ఇబ్బంది తక్కువ. అక్కడ యంత్రాలుంటాయి, అంకెలుంటాయి, తప్పు నడుము మీదకో వయసు మీదకో నెట్టొచ్చు. పదిహేను గజాల చిప్ చిన్నపిల్లాడూ కొట్టగలడు. అది రావడం లేదని, మన సంచి మోసిన కుర్రాడి ముందు ఒప్పుకుని, "చూపించండి" అనాలి. దానికంటే హస్తవాసి లేదనుకోవడం సుఖం. పరువు మిగులుతుంది, స్ట్రోకులే పోతాయి.

ఆరు పాఠాలయ్యాయి. నేనిప్పుడు గొప్ప ఆటగాణ్ణేం కాదు, డఫ్‌లు మాత్రం అరుదయ్యాయి. మొన్న ఆదివారం అదే పధ్నాలుగో హోల్లో, గ్రీన్ పక్కన పదిహేను గజాల నుంచి కొట్టిన చిప్ అనుకున్న చోట పడి, దొర్లి, జెండాకు రెండడుగుల్లో ఆగింది. పెద్దాయన మెచ్చుకోలుగా నా భుజం తట్టాడు.

"చెప్పాను కదండీ, మీకు హస్తవాసి ఉంది."

నేను వెనక్కి తిరిగి చూశాను. పక్క ప్రాక్టీసు గ్రీన్ మీద మా కోచ్ గారు ఇంకెవరి కోసమో ఆ పాత తువ్వాలే పరుస్తున్నారు.